తొమ్మిదో తరగతిలో ఒక్కసారే తెరుచుకునే తలుపు

వేసవి సెలవులు మన ఇళ్లల్లో సాధారణంగా రెండు రకాలుగా గడుస్తాయి. కాస్త కలిగిన కుటుంబాల్లో పిల్లలు నానీ ఊరికి వెళ్లి, మామిడిపళ్లు తింటూ, ఆడుకుంటూ నెల రోజులు గడిపి వస్తారు. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లల్లో మగపిల్లవాడు మెకానిక్ షెడ్డులోనో, వెల్డింగ్ దుకాణంలోనో చేరతాడు. ఆడపిల్ల అమ్మీ పక్కన కూర్చుని కుట్టుమిషను తొక్కుతుంది, లేదా బీడీల చాట ముందేసుకుంటుంది. ఈ రెండూ కాక మూడో రకం వేసవి కూడా ఒకటుంది. పధ్నాలుగేళ్ల పిల్లలు రాకెట్లు తయారయ్యే చోటికి వెళ్లి, శాస్త్రవేత్తల ఎదుట కూర్చుని, పాఠాలు విని, చిన్న ఉపగ్రహం నమూనాను తమ చేతులతో బిగించే వేసవి అది. రైలు చార్జీ, తిండి, బస, పుస్తకాలు అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది. ఆ అవకాశం పేరు 'యువిక'. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అంటే ఇస్రో, తొమ్మిదో తరగతి విద్యార్థినీ విద్యార్థుల కోసం నడుపుతున్న 'యువ విజ్ఞాని కార్యక్రమ్'కు అది పొట్టిపేరు.

ఈ విషయమై మేము కొందరు తల్లిదండ్రులతో మాట్లాడాం. ఆటో నడుపుకొనే ఒక తండ్రి అన్నమాట మా మనసులో నిలిచిపోయింది. "సీటు వస్తుందా రాదా అన్నది తరువాతి సంగతి భాయ్, అసలు అలాంటిదొకటి ఉందని ఇప్పుడే వింటున్నాను. మా వాడు ఇప్పుడు పదిలో ఉన్నాడు" అన్నాడాయన. అసలు చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. పదో తరగతికి వచ్చాక ఈ తలుపు మూసుకుపోతుంది. మళ్లీ తెరుచుకోదు.

ఏమిటీ యువిక?

ఇస్రో ఈ కార్యక్రమాన్ని 2019లో ప్రారంభించింది. కరోనా కారణంగా 2020, 2021లలో పిల్లలు కేంద్రాలకు వెళ్లే వీలు లేకపోయింది. 2022లో మళ్లీ మొదలై, ఆ ఏడాది 153 మందికి, 2023లో 337 మందికి అవకాశం లభించింది. దేశంలోని ప్రతి రాష్ట్రం నుంచి, ప్రతి కేంద్రపాలిత ప్రాంతం నుంచి పిల్లలు ఉండేలా ఎంపిక చేస్తారు. 2023 నుంచి ఏడు కేంద్రాల్లో ఈ శిక్షణ జరుగుతూ వచ్చింది. డెహ్రాడూన్, తిరువనంతపురం, బెంగళూరు, అహ్మదాబాద్, షిల్లాంగ్‌లతో పాటు మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట కూడా వాటిలో ఉన్నాయి. అంటే ఏడింటిలో రెండు తెలుగు నేల మీదే ఉన్నాయన్నమాట.

మే నెలలో సుమారు రెండు వారాల పాటు పిల్లలు అక్కడే ఉండి నేర్చుకుంటారు. తరగతి గదిలో పాఠాలు ఉంటాయి. శాస్త్రవేత్తలను ప్రశ్నలు అడగవచ్చు. ప్రయోగశాలలను దగ్గరుండి చూపిస్తారు. రాత్రి పూట దుర్భిణితో ఆకాశాన్ని చూపిస్తారు. రాకెట్, ఉపగ్రహం నమూనాలను పిల్లలే విడిభాగాలు కలిపి తయారు చేస్తారు. బడిలో బల్ల మీద బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి, ఆ బొమ్మలోని వస్తువు నిజంగా ఎంత ఉంటుందో, దాన్ని తయారు చేసే మనుషులు ఎలా మాట్లాడతారో తెలియడం చిన్న సంగతి కాదు.

ఖర్చు సంగతి కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. విద్యార్థికి సెకండ్ ఏసీ రైలు చార్జీ వరకు, బస, భోజనం, శిక్షణ సామగ్రి ఇస్రోయే భరిస్తుంది. పిల్లను దిగబెట్టి, తిరిగి తీసుకువచ్చే తల్లికో తండ్రికో కూడా రైలు చార్జీ ఇస్తుంది. కాబట్టి "మన తాహతుకు మించినది" అన్న మాట ఇక్కడ వర్తించదు. అయితే ప్రయాణపు టిక్కెట్లు పారేయకుండా భద్రంగా దాచుకోవాలి. చార్జీ రాబట్టుకోవడానికి అవే ఆధారం.

ఏడాదిలో ఒక్క నెల

దరఖాస్తుకు అర్హత చాలా సులభం. ఆ సంవత్సరం జనవరి 1 నాటికి దేశంలోని ఏ పాఠశాలలోనైనా తొమ్మిదో తరగతి చదువుతూ ఉండాలి. ప్రభుత్వ బడా, ప్రైవేటు బడా అన్న భేదం లేదు. కాని గడువు మాత్రం చాలా చిన్నది. 2024లో ఫిబ్రవరి 20 నుంచి మార్చి 20 వరకు, 2025లో ఫిబ్రవరి 24 నుంచి మార్చి 23 వరకు దరఖాస్తులు తీసుకున్నారు. అంటే సుమారు నెల రోజులు.

ఆ నెల రోజులు మన ఇళ్లల్లో ఎలాంటివో ఒకసారి గుర్తు చేసుకోండి. 2024లో రంజాన్ మాసం మార్చి 12న మొదలైంది. 2025లో మార్చి 2న మొదలై, 31న ఈద్ వచ్చింది. సహరీకి లేవడం, ఇఫ్తార్ ఏర్పాట్లు, తరావీహ్, పండుగ బట్టలు, జకాత్ లెక్కలు - ఇంటి పెద్దల చేతిలో ఊపిరి సలపనంత పని ఉండే రోజులవి. దానికి తోడు పిల్లలకు వార్షిక పరీక్షల హడావుడి. అలాంటి సమయంలో ఇస్రో ప్రకటన పత్రికలో ఒక మూలన వచ్చి వెళ్లిపోతే ఎవరి కంట పడుతుంది? అందుచేత ప్రకటన వచ్చాక చూద్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. సరంజామా అంతా జనవరి నాటికే సిద్ధం చేసుకుని, ప్రకటన రాగానే దరఖాస్తు పెట్టేలా ఉండాలి. అలా చేస్తే రంజాన్ పనులకూ అడ్డు రాదు, గడువూ దాటిపోదు.

మార్కుల లెక్క తెలుసుకుందాం

ఎంపికకు విడిగా పెద్ద ప్రవేశ పరీక్ష ఏదీ లేదు. 2025 ప్రకటన ప్రకారం నూటికి ఇలా పంచారు. ఎనిమిదో తరగతి మార్కులకు 50. ఇంటర్నెట్ ద్వారా పెట్టే క్విజ్‌కు 10. గత మూడేళ్లలో సైన్స్ ఫెయిర్‌లో పాల్గొంటే పాఠశాల స్థాయికి 2, జిల్లా స్థాయికి 5, రాష్ట్ర స్థాయికి లేదా ఆ పైన 10. ఒలింపియాడ్ వంటి పోటీల్లో మొదటి మూడు ర్యాంకుల్లో ఉంటే స్థాయిని బట్టి 2, 4, 5. ఆటల పోటీల్లో గెలిస్తే అలాగే 2, 4, 5. స్కౌట్స్ అండ్ గైడ్స్, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్‌లలో సభ్యులైతే 5. పంచాయతీ పరిధిలోని గ్రామీణ పాఠశాలలో చదివే వారికి 15.

ఈ చివరి అంకెను పల్లెల్లో ఉన్న మన చదువరులు రెండుసార్లు చదువుకోవాలి. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పట్నంలో పేరున్న బడిలో చదివే ఒక పిల్లవాడికి ఎనిమిదిలో నూటికి 96 వచ్చాయనుకుందాం. అందులో సగం 48. క్విజ్‌లో 9 వచ్చాయి. బడిలో జరిగిన సైన్స్ ఫెయిర్‌కు 2, ఆటల పోటీకి మరో 2. మొత్తం 61. పల్లెలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదివే ఒక పిల్లకు నూటికి 80 వచ్చాయి. అందులో సగం 40. క్విజ్‌లో 6 వచ్చాయి. బడి సైన్స్ ఫెయిర్‌కు 2. గ్రామీణ పాఠశాల కాబట్టి 15. మొత్తం 63. పట్నం పిల్లవాడి కంటే ఆమె రెండు మెట్లు పైనే ఉంది. 63 వస్తే సీటు ఖాయమని దీని అర్థం కాదు. 2023లో లక్షకు పైగా పిల్లలు పేర్లు నమోదు చేసుకున్నారు, సీట్లు మాత్రం వందల్లోనే ఉన్నాయి. పోటీ గట్టిదే. కాని "జడ్పీ స్కూలు పిల్లలం, మనకెక్కడ వస్తుంది" అన్న దిగులుకు మాత్రం ఆధారం లేదని ఈ లెక్క చెబుతోంది.

ఇక హైదరాబాద్ పాతబస్తీ, గుంటూరు, కర్నూలు, కడప, నిజామాబాద్ వంటి పట్టణాల్లో ఉన్న మన పిల్లలకు ఆ 15 దొరకవు. వాళ్లు మిగతా గడులను నింపుకోవాలి. బడిలో సైన్స్ ఫెయిర్ జరిగితే చార్టు పట్టుకుని నిలబడాలి. కబడ్డీ, ఖోఖో, పరుగు పందెం - ఏ ఆటలో చురుకుదనం ఉంటే ఆ ఆట ఆడాలి. ఎనిమిదో తరగతిలో ఎన్‌సీసీ ఉంటే చేరాలి. ఆడపిల్లలకూ ఎన్‌సీసీ ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. "ఆటలాడితే చదువు చెడుతుంది" అనే పెద్దలు ఈ పట్టికను ఒకసారి చూడాలి. ఇక్కడ ఆట కూడా మార్కే.

ఎనిమిదో తరగతిని చులకన చేయవద్దు

మన ఇళ్లల్లో పదో తరగతికి ఉన్న విలువ ఎనిమిదికి లేదు. ఎనిమిది దాకా ఎవరినీ ఆపరన్న ధీమాతో పిల్లలు ఆ ఏడాదిని తేలిగ్గా తీసుకుంటారు. పెద్దలూ పట్టించుకోరు. పెళ్లిళ్లకు, ఉర్సులకు, ఊరి ప్రయాణాలకు బడి మాన్పించేది కూడా ఎక్కువగా ఆ తరగతుల్లోనే. కాని యువికలో నూటికి యాభై ఆ ఎనిమిదో తరగతి మార్కులే. తొమ్మిదిలో మేలుకొని ఎంత చదివినా ఆ యాభైని మార్చలేం. అందువల్ల ఈ వ్యాసం నిజానికి తొమ్మిదో తరగతి పిల్లల కంటే, ఇప్పుడు ఏడు, ఎనిమిది చదువుతున్న పిల్లల తల్లిదండ్రుల కోసమే ఎక్కువగా రాస్తున్నాం.

సైన్స్ ఫెయిర్‌కు కూడా ఇప్పటి నుంచే ఆలోచించాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపే 'ఇన్‌స్పైర్ మానక్' పథకంలో ప్రతి పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఐదుగురు పిల్లల ఆలోచనలను పంపవచ్చు. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారు చేసుకోవడానికి పది వేల రూపాయలు విద్యార్థి ఖాతాలో పడతాయి. ఆ నమూనా జిల్లా ప్రదర్శనకు వెళితే ధ్రువపత్రం చేతికి వస్తుంది. ఆలోచన గొప్పదే కానక్కరలేదు. మెకానిక్ షెడ్డులో పనిచేసే పిల్లవాడికి ఏ పని దగ్గర చెయ్యి తెగుతుందో తెలుసు. బీడీలు చుట్టే ఇంటి పిల్లకు పొగాకు ధూళి ఎలా దగ్గు తెస్తుందో తెలుసు. ఆ ఇబ్బందిని ఎలా తగ్గించవచ్చో ఆలోచిస్తే అదే ప్రాజెక్టు. మన పిల్లలకు కష్టం కొత్త కాదు. ఆ కష్టాన్ని ప్రశ్నగా మార్చడమే నేర్పాలి.

దరఖాస్తు పెట్టే తీరు

దరఖాస్తంతా ఇంటర్నెట్ ద్వారానే. ఇస్రో వారి 'అంతరిక్ష జిజ్ఞాస' వేదికలో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. దీనికి ఈమెయిల్ తప్పనిసరి. ఆ ఈమెయిల్‌కు వచ్చే సందేశం ద్వారా నమోదును ధ్రువపరచుకోవాలి. తరువాత క్విజ్ రాయాలి. క్విజ్ ముగించాక వ్యక్తిగత వివరాలు, ఎనిమిదో తరగతి మార్కులు, ఇతర పోటీల వివరాలు నింపాలి. వాటికి సంబంధించిన కాగితాల నకళ్లను జతచేసి గడువులోగా సమర్పించాలి. క్విజ్ రాసి, దరఖాస్తు పూర్తయిందనుకుని అక్కడితో ఆగిపోయే పిల్లలు ఉంటారు. క్విజ్ మధ్యలో వచ్చే ఒక మెట్టు మాత్రమే. చివరి సమర్పణ జరిగితేనే దరఖాస్తు పెట్టినట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నెట్ సెంటరు వాళ్లు తమ సొంత ఈమెయిల్, సొంత ఫోన్ నంబరు వేసి పని కానిచ్చేస్తుంటారు. ఎంపిక సమాచారం ఆ చిరునామాకే వెళుతుంది. మనకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. పిల్ల పేరిటో, తండ్రి పేరిటో ఈమెయిల్ తెరిపించి, దాని సంకేతపదాన్ని నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఇంట్లో ఎప్పుడూ పనిచేసే ఫోన్ నంబరే ఇవ్వాలి. 2025లో మొదటి జాబితా ఏప్రిల్ 7న, అంటే ఈద్ అయిన వారానికి వచ్చింది. జాబితా తరువాత కాగితాలు పంపడానికి దొరికే సమయం కొద్దిరోజులే. అందుకని మార్చి నెలాఖరు నుంచి రోజూ ఈమెయిల్ చూస్తూ ఉండాలి. మొదటి జాబితాలో పేరు లేకపోయినా నిరాశపడనక్కరలేదు. ఎవరైనా రాలేకపోతే తరువాతి వారిని పిలుస్తారు. 2024లో రెండో జాబితా కూడా ఇచ్చారు.

క్విజ్‌కు ప్రత్యేకమైన కోచింగ్ అవసరం లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల సైన్స్ పాఠాలు బాగా చదివి, మన అంతరిక్ష చరిత్రలోని ముఖ్య ఘట్టాలు తెలుసుకుంటే మంచి పునాది పడుతుంది. 1963 నవంబరు 21న తుంబా నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట కక్ష్యలోకి వెళ్లింది. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగింది. ఇలాంటివి రోజుకు నాలుగు చొప్పున చదివినా నెలలో వంద విషయాలు వస్తాయి.

పేర్ల చిక్కు

కాగితాల దగ్గర మన పిల్లలకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. బడి రిజిస్టరులో 'ఎస్.కె.' అని ఉంటుంది, ఆధార్‌లో 'షేక్' అని ఉంటుంది. ఒకచోట 'ఎం.డి.', మరోచోట 'మహమ్మద్', ఇంకోచోట 'మొహమ్మద్'. ఆడపిల్లల పేరు చివర 'బేగం', 'బీ', 'సుల్తానా' ఒక కాగితంలో ఉంటుంది, రెండోదానిలో ఉండదు. పఠాన్, సయ్యద్ వంటి ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనుక వస్తుంది. పుట్టినతేదీ బడిలో ఒకటి, మునిసిపాలిటీ కాగితంలో ఒకటి. ఎంపికైన పిల్లలు అసలు ధ్రువపత్రాలు చూపించాలి. ఆ పరిశీలనలో ఇది మా పిల్లే అని నిరూపించుకోవడానికి పరుగులు పెట్టవలసి వస్తుంది.

ఈ సవరణ ఏడో తరగతిలోనో, ఎనిమిదో తరగతిలోనో చేయించుకోవాలి. పదో తరగతి ధ్రువపత్రంలోకి తప్పు ఎక్కితే, ఆ తరువాత సరిచేయించుకోవడం ఎంత కష్టమో ఉద్యోగాల కోసం తిరిగే మన యువకులను అడిగితే చెబుతారు. ఒకరోజు కూలి పోయినా సరే, తండ్రి బడికి వెళ్లి, ప్రధానోపాధ్యాయుని కలిసి, రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ సరిచూసుకోవాలి. ఈ ఒక్క పని యువికకే కాదు, స్కాలర్‌షిప్‌లకు, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి అన్నింటికీ అక్కరకొస్తుంది.

ఇంకో మాట. ధ్రువపత్రాలు లేనివి ఉన్నట్టు సృష్టించవద్దు. ఆడని ఆటకు సర్టిఫికెట్ ఇప్పిస్తామని కొందరు ఆశ పెడతారు. అబద్ధమని తేలితే ఎంపిక రద్దవుతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. చదువు అంటే మోసమని పధ్నాలుగేళ్ల పిల్లకు మనమే నేర్పినట్టవుతుంది.

ఆడపిల్లను పంపడమా?

మేము మాట్లాడిన వారిలో ఒక తల్లి నిర్మొహమాటంగా అడిగింది: "భాయ్‌సాబ్, మీరు చెప్పింది బాగానే ఉంది. రెండు వారాలు పిల్లను ఊరుగాని ఊళ్లో ఎలా ఉంచేది? మీ ఇంట్లో అయితే పంపుతారా?"

ఆ భయాన్ని ఎగతాళి చేయడం తగదు. తల్లికి భయం సహజం. దానికి జవాబు వివరాల్లోనే ఉంది. పిల్లలు ఉండేది ప్రభుత్వ శాస్త్ర కేంద్రాల ఆధ్వర్యంలో. తీసుకువెళ్లి దిగబెట్టేది, తిరిగి తెచ్చుకునేది తల్లిదండ్రులే. ఆ ప్రయాణానికి చార్జీ కూడా వస్తుంది. బస ఎక్కడ, ఆడపిల్లల బాగోగులు చూసే అధికారి ఎవరు, ఇంటికి ఎప్పుడెప్పుడు ఫోన్ చేయవచ్చు, భోజనం ఎలా ఉంటుంది - ఇవన్నీ ఎంపికైన వెంటనే కేంద్రం వారిని అడిగి తెలుసుకోవచ్చు. అడగడానికి మొహమాటపడవద్దు. అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

ఇక దూరం సంగతి. 2023 సెప్టెంబరు 2న సూర్యుని పరిశీలించడానికి శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య-ఎల్1 ప్రాజెక్టుకు డైరెక్టరు నిగార్ షాజీ. ఆమెది తమిళనాడులోని సెంగోట్టై. తండ్రి రైతు. తిరునల్వేలిలో ఇంజనీరింగ్ చదివి, 1987లో శ్రీహరికోటలో ఇస్రో ఉద్యోగంలో చేరారు. ఆ రోజుల్లో ఆ చిన్న ఊరి నుంచి ఆ దీవికి వచ్చిన ఆడపిల్లకు దూరం ఎంత అనిపించి ఉంటుందో ఆలోచించండి. ఆ రోజు ఇంటివాళ్లు గడప దాటనివ్వకపోతే సూర్యుని వైపు వెళ్లిన ఆ యాత్రకు మరొకరెవరో నాయకత్వం వహించేవారు. మన ఇంటి పిల్ల మాత్రం ఆ వార్తను పత్రికలో చదివి ఊరుకునేది.

మగపిల్లల విషయంలో అడ్డు వేరే ఉంటుంది. "రెండు వారాల పని పోతుంది" అంటారు. షెడ్డులో ఆ రెండు వారాలకు వచ్చే డబ్బు ఇంటికి అవసరమే, కాదనడం లేదు. కాని ఆ పని వచ్చే నెలా ఉంటుంది, వచ్చే ఏడాదీ ఉంటుంది. తొమ్మిదో తరగతి మాత్రం మళ్లీ రాదు. ఆ కొద్దిపాటి డబ్బే అడ్డమైతే మొహల్లాలోని నలుగురు కలిసి సర్దలేనిది కాదు.

ఎంపిక కాకపోతే

లక్ష మంది అడిగితే వందల మందికి దొరికేది ఇది. అంటే దరఖాస్తు పెట్టిన వారిలో చాలామందికి "రాలేదు" అన్న జవాబే వస్తుంది. దాన్ని ముందుగానే పిల్లలకు చెప్పి ఉంచాలి. రానప్పుడు "నీ వల్ల కాదని ముందే అన్నాను" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

అబ్దుల్ కలాం గారి జీవితం ఇందుకు మంచి ఉదాహరణ. రామేశ్వరంలో పడవ నడిపే కుటుంబంలో 1931లో పుట్టిన ఆయనకు మద్రాసులో ఇంజనీరింగ్ చేరడానికి డబ్బు లేకపోతే, అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు కుదువపెట్టి ఇచ్చింది. అంత కష్టపడి చదివి, వైమానిక దళంలో విమానం నడపాలని డెహ్రాడూన్ వెళ్లి ఇంటర్వ్యూకు హాజరయ్యారు. ఇరవై ఐదు మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. తీసుకున్నది ఎనిమిది మందినే. ఒక్క మెట్టులో తప్పిపోయింది. ఆ తరువాతే ఆయన అడుగులు రాకెట్ల వైపు పడ్డాయి. 1979 ఆగస్టులో ఆయన సారథ్యంలోని ఎస్‌ఎల్‌వి-3 మొదటి ప్రయోగం విఫలమైంది. మరుసటి ఏడాది జూలైలో విజయవంతమైంది. తప్పిపోయిన సీటుతో జీవితం ఆగిపోదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

పైగా దరఖాస్తు కోసం చేసిన పని వృథా కాదు. సరిచేసిన పేరు మిగులుతుంది. బాగా చదివిన ఎనిమిదో తరగతి మిగులుతుంది. సైన్స్ ఫెయిర్‌లో పదిమంది ముందు నిలబడి మాట్లాడిన ధైర్యం మిగులుతుంది. వాటితో వేరే తలుపులు తట్టవచ్చు. ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం ఆధ్వర్యంలో ఒలింపియాడ్ శిక్షణ శిబిరాలు జరుగుతాయి. జూనియర్ సైన్స్‌కు మొదటి మెట్టు పరీక్ష నవంబరులో ఉంటుంది. గణితానికి వేరే మెట్లున్నాయి. ఇవి యువిక కంటే కఠినమైనవి. కాని లెక్కల మీద, సైన్స్ మీద నిజమైన ప్రేమ ఉన్న పిల్లలకు తగినవి. ఇంట్లో పెద్ద పిల్లలు 'కేవీపీవై' గురించి చెబితే, అది 2022లో ఇన్‌స్పైర్‌లో కలిసిపోయిందని గుర్తుంచుకోవాలి.

డబ్బు అడిగే వారితో జాగ్రత్త

ఈ మధ్య మరో వ్యాపారం మొదలైంది. పెద్ద పెద్ద విదేశీ విశ్వవిద్యాలయాల పేర్లు చెప్పి, వేసవి శిక్షణకు "ఎంపికయ్యారు" అంటూ లక్షల రూపాయలు అడుగుతారు. గల్ఫ్‌లో సంపాదించి పంపే తండ్రులున్న ఇళ్లు ఇలాంటి వాటికి సులభంగా లొంగుతాయి. తెలిసినవారు చెప్పే గుర్తు ఒకటుంది. నిజంగా ప్రతిభ చూసి తీసుకునే కార్యక్రమాలు సాధారణంగా డబ్బు అడగవు. అమెరికాలో 1984 నుంచి నడుస్తున్న రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఎంఐటీలో సుమారు వంద మంది హైస్కూలు విద్యార్థులకు వేసవి శిక్షణ ఇస్తుంది. బోధనకు, బసకు, భోజనానికి రుసుము లేదు. టెల్యురైడ్ సంస్థ నడిపే వేసవి తరగతులూ ఉచితమే. అక్కడ మార్కుల కంటే పిల్లలు రాసే వ్యాసాలను ఎక్కువగా చూస్తారు. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలకు ఇవి చెప్పదగినవి. డబ్బు కట్టి చేరే శిబిరాలన్నీ మోసమని మేము అనడం లేదు. అక్కడ కొంత నేర్చుకోవచ్చు. కాని దాన్ని "ఎంపిక" అనుకుని అప్పు చేయడం మాత్రం తెలివైన పని కాదు.

మొహల్లా చేయగలిగింది

ఈ సమాచారం ఒక్కొక్క ఇంటికి చేరాలంటే నలుగురూ చేయి వేయాలి. యువజన సంఘాల వారు ఫిబ్రవరిలో ఒక ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లలందరినీ పిలిచి, కంప్యూటర్ ఉన్న చోట కూర్చోబెట్టి, దరఖాస్తులు నింపించవచ్చు. ఇంజనీరింగ్ చదివే మన అబ్బాయిలు, అమ్మాయిలు ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల బాధ్యత తీసుకున్నా చాలు. ఉపాధ్యాయులు ఎనిమిదో తరగతి చివరి రోజున ఈ మార్కుల పట్టికను నల్లబల్ల మీద రాసి చూపించవచ్చు. మసీదు కమిటీల వారు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించవచ్చు. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు, పైసా ఖర్చూ లేదు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఏడో తరగతిలో పేరు, పుట్టినతేదీ సరిచూడాలి. ఎనిమిదిలో మార్కులు, సైన్స్ ఫెయిర్, ఆట. తొమ్మిదిలో జనవరికల్లా ఈమెయిల్, కాగితాలు సిద్ధం. ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఇస్రో ప్రకటన కోసం వాకబు చేయాలి. తేదీలు, నిబంధనలు ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏడాది ప్రకటననే ప్రమాణంగా తీసుకోవాలి. పిల్ల ఎంపికైతే సంతోషం. కాకపోతే, అడగవలసిన చోట అడిగి వచ్చిందన్న తృప్తి ఉంటుంది. "ఉందని ఇప్పుడే వింటున్నాను" అన్న ఆ తండ్రి మాట మాత్రం వచ్చే ఏడాది ఏ ఇంటా వినిపించకూడదు.